జంపఖానా ముక్క

మొండయ్య మగ్గం మీద కూర్చుంటే వీపు తలుపు వైపు ఉంటుంది. కాళ్లు దింపుకునే మగ్గం గుంట తవ్వించినప్పుడు అతని తండ్రి వెలుతురు ఒక్కటే చూసుకున్నాడు. వెనుక గోడకున్న కిటికీలోంచి పొద్దుటి వెలుగు పడుగు పోగుల మీద పడాలి. తలుపు ఎటున్నా ఫరవాలేదు. అప్పట్లో కొత్తవాడలో పగటిపూట తలుపులు మూసేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు గడపలో నిలబడి పిలిచేవారు. పిలిస్తే వినపడేది.

ఇప్పుడు కోతుల వల్ల తలుపు మూసి గొళ్లెం పెట్టుకోవాలి. ఊరికే దగ్గరకు వేస్తే నెట్టుకొని వస్తాయి. గిన్నెలు బోర్లిస్తాయి, నూలు లాగి వాడంతా పరుస్తాయి. ఇక పిలుపు సంగతి. అది మొండయ్యకు వినపడటం మానేసి చాలా కాలమైంది.

వినికిడి ఒక్కరోజున పోలేదు. మొదట కుక్కర్ కూత పోయింది. తర్వాత వెనుక నుంచి భార్య పోశవ్వ మాట్లాడే మాట పోయింది. అన్నిటికన్నా చివర మగ్గం చప్పుడు పోయింది. అది పోయినరోజు నేత తప్పుతుందేమోనని భయపడ్డాడు. తప్పలేదు. మగ్గం చప్పుడు కాళ్లకూ తెలుస్తుంది. దవాఖానలో చెవికి మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుని నేస్తే తలలో రేకులు దొర్లినట్టు అనిపించింది. తీసి, నూలు చుట్టే కండెల డబ్బాలో వేశాడు. ఇంకా అందులోనే ఉంది.

అతను నేసేది జంపఖానాలు. పెళ్లిళ్లలో, సభల్లో నేల మీద పరిచే మందపాటి నూలు తివాచీలు. ఎర్ర చార, నీలి చార, మధ్యలో మెట్లు మెట్లుగా దిగే అంచు. చేయి ఆడినంత కాలం ఇంకే పనీ చేయలేదు. ఇంకే పనీ రాదు కూడా.

పోశవ్వ పొద్దున్నే బడికి పోతుంది. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని. ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె తిరిగి వచ్చేదాకా ఇంట్లో అతనూ మగ్గమే.

నేత సంఘం తరఫున పడుగూ నూలూ తెచ్చేది సారంగపాణి. ఫలానా రోజని ఉండదు. సరుకు వచ్చిన రోజు బండి మీద వేసుకుని వాడలోకి వస్తాడు. మగ్గం మీది పడుగు అయిపోకముందే తర్వాతిది ఇంటికి చేరాలి. తలుపు తీసినవాళ్లకు ఇస్తాడు. తీయకపోతే పక్క వీధిలో ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. సరుకు తక్కువ. ఒకసారి తీయకపోతే ఊరికి పోయాడనుకుంటారు. రెండోసారీ తీయకపోతే మగ్గం ఆగిందనుకుంటారు. ఆగిన మగ్గానికి మళ్లీ పడుగు ఇవ్వడం మొండయ్య చూడలేదు. ఈ వాడలో చాలా మగ్గాలు ఆగడం చూశాడు. ఆగిన గుంటలను మట్టిపోసి పూడ్చి, పైన బండలు పరుస్తారు. తర్వాత ఆ గది అద్దెకు పోతుంది.

ఎండాకాలం చివర, ఒక సాయంత్రం ఎదురింటి బక్కమ్మ వచ్చి అతని ముఖం ముందు ముఖం పెట్టింది. అతనితో అందరూ అలాగే మాట్లాడతారు.

"పాణి వచ్చి గొంతు చించుకున్నడు గదన్నా. నేను సుత కొట్టిన. నీది తలుపా, గోరీనా?"

"ఎప్పుడు?"

"పొద్దుగాల. మూట దించనన్న దించలే. బండి మలుపుకొని పోయిండు."

"జర లోపలికి రమ్మనకపోయినవా."

"లోపల నువ్వు గొళ్లెం ఏసుకొని కూసుండి, బయటోళ్లను లోపలికి రమ్మంటవా? ఎట్ల రావాలె, కోతి లెక్క కప్పెక్కాల్నా?"

పోశవ్వ వచ్చి విన్నది. అన్నం పెట్టేటప్పుడు అతని చేయి పట్టుకుని, తన పెదవులు చూడమని ఆగి, "ఇంకొక్కసారి గిట్లయితే అయిపోయినట్టే" అన్నది.

మర్నాడు మొండయ్య మిగిలిన పడుగు కొసలను పేని సన్నని తాడు చేశాడు. తాడు ఒక కొసను తలుపు కింది సందులోంచి బయట వేశాడు. రెండో కొసను మగ్గం గుంజకు, కళ్లకెదురుగా, ఎర్ర గుడ్డ ముక్కతో కట్టాడు. బయట లాగితే లోపల గుడ్డ ఆడుతుంది. ఆడింది. పొద్దంతా ఆడింది. బడి విడిచిన పిల్లలు లాగారు. కోతులు లాగాయి. గుంటలోంచి రెండు కాళ్లూ పైకి లాగి, నేల మీద చేతులు ఆనించి లేవడానికి మొండయ్యకు కొంతసేపు పడుతుంది. తలుపు తీసేసరికి వీధి ఖాళీ. చివరకు ఎవరో తాడు తెంపుకుపోయారు.

కుక్కపిల్ల ఆలోచన పోశవ్వ తమ్ముడు యాకయ్యది. కాజీపేటలో రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాడు. అతని మెట్ల కింద ఒక కుక్క ఈనింది.

"చప్పుడైతే అది లేస్తది. అది లేస్తే నువ్వు జూస్తవు. అంతే బావా, దీంట్ల ఫికర్ ఏంది?" అన్నాడు చేతులు తిప్పుతూ. "ఒక్కటే పని. ఇంట్ల ఏడవడితే ఆడ ఒంటికి పోకుండ నేర్పాలె. ఒక మూలకు పేపర్ పరువు. దాని మీదనే పోనియ్యి. పోయినప్పుడల్ల బిస్కెట్ ముక్క పెట్టి శాబాష్ అను. తర్వాత ఆ పేపర్‌ను రోజింత దర్వాజ దిక్కు జరుపు. ఆ ఎన్క బయటికి జరుపు. మనోళ్లకన్న జల్ది నేరుస్తది."

"నీకన్న జల్దినా?" అన్నాడు మొండయ్య.

"నాకన్న జల్దే. నేను ఇంకా నేరుస్తనే ఉన్న. అడుగు మీ చెల్లెను."

యాకయ్య ఒక పిల్లను చేతిసంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. గోధుమ రంగు, ఒక చెవి కిందికి. సంచి తెరిచినప్పుడు అది కండెంత ఉంది. మొండయ్య ఆ పేరే పెట్టాడు.

"మనకే కాళ్లు సాపుకునే జాగ లేదు" అన్నది పోశవ్వ. అంటూనే గిన్నెలో పాలు పోసింది.

ఇంట్లో పేపర్ లేదు. చదివేవాళ్లు లేరు కాబట్టి ఎప్పుడూ కొనలేదు. ఉన్నది జంపఖానా ముక్కలు. కోసిన అంచులు, చార తప్పితే పక్కన పడేసినవి, అరిగిపోయి నడుమ చిరిగినవి. ఆ ఇంట్లో కాళ్లు తుడుచుకోవడానికైనా, పొయ్యి మీది గిన్నె దించడానికైనా, వాన కారే చోట పరవడానికైనా అవే. నీళ్లు పీల్చడంలో వాటిని మించింది లేదు. కాగితం చిరుగుతుంది. జంపఖానా ముక్కను ఉతికి ఆరేస్తే మళ్లీ పనికొస్తుంది. మొండయ్యకు ఇందులో తప్పు కనపడలేదు. పోశవ్వకూ కనపడలేదు. ఆ వాడలో ఎవరిని అడిగినా అదే పరిచేవారు.

మూలకు ఒక పాత ముక్క వేశాడు. ఎర్ర చార, నీలి చార.

పాలు తాగిన వెంటనే కండెను ఎత్తుకుని ముక్క మీద నిలబెట్టేవాడు. నిద్ర లేవగానే నిలబెట్టేవాడు. అది దిగి పోతే మళ్లీ తెచ్చేవాడు. నేల మీద పోస్తే తుడిచి, కసరకుండా, మళ్లీ ముక్క మీద నిలబెట్టేవాడు. తెగిన పోగు ఏ వేలికి తగులుతుందో వెతికేవాడికి ఓపిక కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు. ముక్క మీద పోసినప్పుడు బిస్కెట్ల డబ్బా మూత తీసి ఒకటి విరిచి పెట్టేవాడు. "శాబాష్ కండె" అనేవాడు. ఆ మాట ఎంత గట్టిగా అంటున్నాడో అతనికి తెలియదు. ఎదురింటికి వినపడేది.

"నా మీద ఎన్నడన్న గింత ఓపిక వట్టినవా?" అన్నది పోశవ్వ.

"నీకు బిస్కెట్లు పడవు గదనే."

ఆమె నవ్వింది. నవ్వు అతనికి వినపడకపోయినా కనపడుతుంది.

కండె నేర్చుకుంది. యాకయ్య చెప్పినదానికన్నా తొందరగా నేర్చుకుంది. అవసరమైనప్పుడు ఎక్కడున్నా లేచి ముక్క దగ్గరికి పోయేది. ముందు కాలితో ఒకసారి నేతను తొక్కి చూసేది. ఒక చుట్టు తిరిగేది. కూర్చునేది. పని అయ్యాక వచ్చి డబ్బా ముందు నిలబడేది.

చప్పుడుకు లేవడం ఎవరూ నేర్పలేదు. అది దానికి పుట్టుకతో వచ్చింది. మొండయ్య పక్కన, గుంట అంచున పడుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి లేచి తలుపు వైపు ఉరికింది. మొండయ్య కాళ్లు పైకి లాగి, లేచి, గొళ్లెం తీశాడు. బయట సారంగపాణి. చేయి ఇంకా తలుపు కొట్టబోతూ గాలిలో ఉంది.

"గింత జల్ది తీసినవేంది మొండన్నా? చెవులొచ్చినయా?"

"వచ్చినయ్. నాలుగు కాళ్లు సుత వచ్చినయ్."

సారంగపాణి కిందికి చూశాడు. కండె అతని చెప్పు వాసన చూస్తోంది. పడుగు మూట ఇంట్లోకి వచ్చింది. ఆ సాయంత్రం పోశవ్వ బడి నుంచి గుడ్డు తెచ్చి కండెకు పెట్టింది. అతను అది చూడనట్టు పేక చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు వరకు అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

వానలు పట్టాయి. మడతపెట్టి గోడకు చేర్చిన జంపఖానాల మీద ఒకనాడు తడి కనపడింది. కప్పు కారిందనుకున్నారు. పోశవ్వ పైకి చూసింది. కప్పు పొడిగా ఉంది. వంగి వాసన చూసింది.

"ఇది ఆన కాదు" అన్నది.

పిల్లది, పొరపాటున పోసిందనుకున్నారు. పోశవ్వ ఆ మడతను రెండుసార్లు ఉతికి పెరట్లో వేసింది. వానలో ఎక్కడ ఆరుతుంది.

తర్వాత మొండయ్య నేస్తుండగా జరిగింది. గుంట మగ్గం మీద నేసిన భాగం నేలకు కాస్త ఎత్తులో, ఒడి ముందు బిగిసి ఉంటుంది. కండె గుంట అంచు నుంచి దాని మీదికి ఎక్కింది. ముందు కాలితో నేతను తొక్కి చూసింది. ఒక చుట్టు తిరిగింది. కూర్చుంది. అప్పుడే నేసిన ఎర్ర చార నల్లబడుతూ నీలి చార వైపు పాకింది. అది లేచి, దిగి, డబ్బా ముందుకు పోయి నిలబడింది. తోక ఊపుతూ అతని ముఖం వైపు చూసింది.

మొండయ్య అరిచాడు. తన అరుపు తనకు వినపడలేదు. కుక్క చెవులు వెనక్కి పడటం చూసి అరిచానని తెలుసుకున్నాడు.

గుంటలోనే చాలాసేపు కూర్చున్నాడు. మూలకు పరిచిన పాత ముక్క వైపు చూశాడు. గోడకు చేర్చిన కొత్తవాటిని చూశాడు. అదే నూలు. అదే మందం. తేడా తనకు తెలుసు. కొన్నవాళ్లకు తెలుసు. కుక్క కాలికి ఎట్లా తెలుస్తుంది? అది తప్పు చేయలేదు. నేర్పింది నేర్చుకుంది. ఈ ఇంట్లో దానికి కాలు పెట్టిన చోటల్లా పోయమని చెప్పి పెట్టినట్టే ఉంది.

సాయంత్రం పోశవ్వకు చెప్పాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

"మనం నేర్పిందేనా?"

"మనం నేర్పిందే."

"మళ్ల ఇడిపియ్యలేమా?"

విడిపించాలని చూశారు. మూలనున్న ముక్క తీసేశారు. పోశవ్వ బడి నుంచి పాత పేపర్లు తెచ్చి పరిచింది. కండె పేపర్‌ను వాసన చూసి, చప్పుడుకు బెదిరి, దూరం జరిగింది. రేకు పళ్లెంలో మట్టి పోసి పెట్టారు. అందులో పడుకుంది. పెరట్లోకి తీసుకుపోతే గడ్డి మీద నిలబడి వణుకుతూ మొండయ్య ముఖం చూసేది. ఎంతసేపైనా ఆపుకునేది. ఇంట్లోకి రాగానే గోడ దగ్గరి మడతల వైపు పోయేది. ఒకసారి పోశవ్వ చీపురుతో కొట్టింది. కండె పరుగెత్తి, ఇదివరకు పాత ముక్క ఉండే మూలలో, వట్టి నేల మీద నక్కింది. ఆమె మళ్లీ కొట్టలేదు.

జంపఖానాలను ఎత్తుగా పెట్టడానికి బల్ల లేదు. ఒకే గది. వెనుక వంటకు ఇంత చోటు. మగ్గం మీదిది ఎత్తి పెట్టేది కాదు. మొండయ్య ఒక చేత్తో నేస్తూ ఒక కంట కుక్కను కనిపెట్టుకుని ఉండేవాడు. దాన్ని పెట్టుకున్నది తలుపును కనిపెట్టడానికి. ఇప్పుడు దాన్ని కనిపెట్టడం అతని పని అయింది. మెట్ల అంచు రెండు చోట్ల తప్పింది. నేతలో తప్పు రావడం అతను మరిచిపోయిన సంగతి.

నేసిన సరుకు తీసుకోవడానికి సారంగపాణి వచ్చినప్పుడు కండె లేచింది. తలుపు దగ్గరికి ఉరికింది. మొండయ్య తీశాడు. సారంగపాణి మడతలు విప్పి ఒక్కొక్కటీ చూశాడు. నీలి చార మీద పసుపు వలయం దగ్గర చేయి ఆగింది. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మొండన్నా, దీని మీద పెండ్లికొడుకు కూసుంటడు."

"ఉతికినం పాణి."

"ఉతికితే రంగు పోతది, వాసన పోతదా? నీ చేతి సరుకంటే నేను ఇప్పి సుత జూడకపోయేటోన్ని. ఇయ్యాల ఎందుకో ఇప్పిన." కుక్కను చూశాడు. "ఇట్ల గాదు. కుక్కనన్న ఉంచుకో, మగ్గమన్న ఉంచుకో. ఒక్క కప్పు కింద రెండొద్దు."

"అది నా చెవి పాణి."

సారంగపాణి మరక పడినదాన్ని పక్కకు పెట్టి, మిగిలినవి ఎత్తుకున్నాడు. గడప దాటి, వెనక్కి తిరిగి, ముఖం దగ్గరగా తెచ్చి నెమ్మదిగా అన్నాడు. "చెవిని బయట కట్టేసుకో."

అందులో వెక్కిరింత లేదు. అతనికి తోచింది చెప్పాడు.

మొండయ్య మళ్లీ తాడు పేనాడు. ఈసారి లావుగా, తెగకుండా. తలుపు పక్కన గోడకు కండెను కట్టాడు. దాని మెడ నుంచి మిగిలిన కొసను తలుపు కింది సందులోంచి లోపలికి తెచ్చి, గుంజకు కట్టాడు. ఎర్ర గుడ్డ మళ్లీ కళ్లకెదురుగా వచ్చింది. కుక్క లేస్తే గుడ్డ ఆడుతుంది.

బయట కండె మట్టి మీద పోయలేదు. సాయంత్రం దాకా ఆపుకుంది. పోశవ్వ బడి నుంచి వచ్చి దాని కళ్లు చూసి, లోపలికి పోయి, ఆ పాత ముక్కనే తెచ్చి వీధిలో పరిచింది. కండె దాన్ని తొక్కి చూసి, ఒక చుట్టు తిరిగి కూర్చుంది.

బక్కమ్మ తన గడపలోంచి చూస్తోంది. "ఓ పోశవ్వా! మాకు పీట సుత ఎయ్యవు. కుక్కకు జంపఖానా పరుస్తున్నవా? పెండ్లి ఎప్పుడే?"

"నువ్వు కూసుంటనంటే నీకూ పరుస్త, రా" అన్నది పోశవ్వ.

ఇద్దరూ నవ్వారు. మొండయ్య తలుపులో నిలబడి వాళ్ల ముఖాలు చూశాడు. ఎందుకు నవ్వుతున్నారో అడగలేదు.

అప్పటి నుంచి జంపఖానాలు శుభ్రంగా ఉన్నాయి. అంచులు తప్పలేదు. కానీ గుడ్డ ఆడుతూనే ఉంది. బయట కట్టేసిన కుక్క దేనికైనా లేస్తుంది. కోతి గోడ ఎక్కితే లేస్తుంది. కూరగాయల బండికి లేస్తుంది. గాలికి కొట్టుకుపోయే కవరుకు లేస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు అది తలుపు చప్పుడుకు మాత్రమే లేచేది. ఎందుకంటే లోపలికి వేరే చప్పుడు అంతగా వచ్చేది కాదు. వీధిలో అన్నీ చప్పుళ్లే.

మొదట గుడ్డ ఆడినప్పుడల్లా లేచాడు. కాళ్లు గుంటలోంచి లాగి, చేతులు ఆనించి, గొళ్లెం తీసి చూశాడు. కోతి. బండి. ఎవరూ లేరు. కండె తోక ఊపుతూ లోపలున్న డబ్బా వైపు చూసేది. మోకాళ్లు వాచాయి. కొన్నాళ్లకు రెండుసార్లు ఆడితే ఒకసారి లేచాడు. తర్వాత ఎక్కువసేపు ఆడితేనే లేచాడు.

మగ్గం మీది పడుగు తరిగిపోతోంది. తర్వాతిది ఇంకా రాలేదు. రేపో ఎల్లుండో వస్తుందని పోశవ్వ విన్నది. "జర తలుపు కాడనే కూసోరాదు" అన్నది. తలుపు దగ్గర కూర్చుంటే చేతిలో ఉన్నది ఎవరు నేస్తారు? చేతిలో ఉన్నది అయిపోకపోతే సారంగపాణికి ఏం చూపిస్తాడు?

ఆ పొద్దున మెట్ల అంచు కలిపే చోట ఉన్నాడు. ఎర్ర పేక నీలి పేకను పట్టుకుని తిరిగే చోటు. అక్కడ మధ్యలో లేస్తే బిగువు మారుతుంది. ఇప్పటికే ఒక తప్పు సరుకు మీద మచ్చ వేసింది. గుడ్డ ఆడింది. చూశాడు. ఈ వరుస కాగానే అనుకున్నాడు. గుడ్డ గట్టిగా ఆడింది. కోతుల గుంపు అయి ఉంటుంది. వరుస ముగించి, ఇంకొకటి ఉంటే అంచు నిలుస్తుందని అదీ వేశాడు. అప్పటికి గుడ్డ ఆగిపోయింది.

ఆగడం చూసి లేచాడు.

తలుపు తీశాడు. కండె తాడు తెగేంత ముందుకు లాగి, వీధి మలుపు వైపు చూస్తూ నిలబడి ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. గడప ముందు వాన బురదలో బండి చక్రం జాడ వచ్చి, ఒక చుట్టు తిరిగి, వెనక్కి పోయింది. ఎదురింటి తలుపుకు తాళం ఉంది. మొండయ్య మలుపు దాకా నడిచాడు. పక్క వీధిలో ఒక ఇంటి ముందు సారంగపాణి బండి ఉంది. దాని మీద మూట లేదు.

పిలవలేదు. పిలిచి ఏమడగాలి? తలుపు కొట్టావా అంటే కొట్టానంటాడు. కుక్క మొరిగిందా అంటే మొరిగిందంటాడు.

తిరిగి వచ్చాడు. కండె అతన్ని చూసి తోక ఊపింది. అది లేచింది, లాగింది, మొరిగింది. నేర్పినదీ నేర్పనిదీ అన్నీ చేసింది. లోపలికి పోయి డబ్బా మూత తీసి, బిస్కెట్ విరిచి, తెచ్చి పెట్టాడు. శాబాష్ అనలేదు.

గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పడుగు కొస కనపడుతోంది. జానెడు మిగిలింది. పేక విసిరే నాడె పట్టుకున్నాడు.

గుడ్డ ఆడింది. నాడె కింద పెట్టి, కాళ్లు పైకి లాగి, చేతులు ఆనించి లేచాడు. తలుపు తీశాడు. ఎవరూ లేరు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ ఆడింది. మళ్లీ లేచాడు.

పోశవ్వ బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. అతను గొళ్లెం మీద చేయి పెట్టి వీధి చూస్తున్నాడు. మగ్గం మీద జానెడూ అలాగే ఉంది.